ఆయాసము వెనుక నున్న ఎంజైములు

నూర్పిళ్ల దినములలోను, చలి ముదిరిన రాత్రులందును దాదాపు ప్రతి గ్రామములో ఒకటి రెండు ఇండ్లలో దీపము తెల్లవార్లు వెలుగుచుండును. ఆ యింటిలో ఉబ్బసపు రోగి యున్నాడన్నమాట. అతడు పండుకొనలేడు. మంచముపై లేచి కూర్చుండి, చేతులను మోకాళ్లపై ఆనించి, గాలి కొరకు పెనుగులాడుచుండును. రొమ్ములోనుండి పిల్లికూతలు పొరుగింటికి సైతము వినవచ్చును. తెల్లవారుసరికి నెమ్మదించి, పగలు పొలములో పనిచేసిన మనిషియే రాత్రికి మరల ఆ స్థితికి వచ్చుట చూచి ఊరివారు పలువిధములుగా అనుకొందురు.

మేము గ్రామములకు పోయినపుడు మూడు మాటలను తరచుగా వినుచుందుము. ఇది అంటువ్యాధియని కొందరు చెప్పుదురు. ఇన్‌హేలరు పట్టినచో జీవితాంతము దానికి బానిస కావలసినదేయని మరికొందరు అందురు. ఆయాసము లేని దినములలో మందుతో పనిలేదని పెక్కుమంది నమ్మకము. ఈ మూడును పొరపాట్లే. మొదటి దానివలన ఆడపిల్లల పెండ్లి సంబంధములు తప్పిపోవుచున్నవి. తక్కిన రెండింటివలన ప్రాణములే పోవుచున్నవి. ఊపిరితిత్తులలో జరుగునదేమో తెలిసినచో ఇట్టి అపోహలకు చోటుండదు. పంచాయతీ సభ్యుల మాటకు ఊరిలో విలువ గలదు గనుక ఈ సంగతిని కొంత వివరముగా వ్రాయుచున్నాము. మధ్యలో కొన్ని క్రొత్త పేర్లు తగులును. వాటిని కంఠస్థము చేయనక్కరలేదు. అవి చేయు పని అర్థమైన చాలును.

మనము పీల్చిన గాలి గొంతు దాటిన పిమ్మట శ్వాసనాళములగుండా లోనికి పోవును. ఈ నాళములు చెట్టుకొమ్మలవలె ఇరువదికి పైగా పర్యాయములు చీలి, తుదకు వెంట్రుకలంత సన్నని గొట్టములగును. వాటి చుట్టును సన్నని కండరములు చుట్టుకొనియుండును. నాళముల లోపలి పొర క్రిందను, ఉబ్బసము గలవారిలో ఆ కండరముల నడుమను సైతము, ఒక జాతి కణములు కాపలాదారులవలె నిలిచియుండును. వీటిని మాస్టు కణములందురు.

పాల్ ఎర్లిక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1878లో, తాను ఇంకను వైద్యవిద్యార్థిగా నుండగనే, రంగులు వేసి సూక్ష్మదర్శినితో చూచి ఈ కణములను గుర్తించెను. వాటి నిండ రేణువులు క్రిక్కిరిసియుండుట చూచి, ఇవి బాగుగా మేసి బలిసిన కణములు కాబోలునని తలచి, జర్మను భాషలో మేతకు సంబంధించిన మాటతో మాస్టు కణములని పేరు పెట్టెను. పేరు నిలిచినది గాని ఊహ నిలువలేదు. ఆ రేణువులలో నుండునది మేత కాదు, మందుగుండు.

ఆ మందుగుండులో ముఖ్యమైనది హిస్టమిను. 1910లో ఇంగ్లండులో హెన్రీ డేల్, ఆయన సహచరులు దీనిని ఎర్గాటు తెగులు పట్టిన రై ధాన్యపు సారమునుండి వేరుచేసి, జంతువులపై దాని ప్రభావమును పరీక్షించిరి. మన సజ్జకు పట్టు తేనెబంక తెగులును ఈ ఎర్గాటు జాతిదే. హిస్టమిను ఎక్కించిన గినీపంది శ్వాసనాళములు బిగుసుకొని ఊపిరాడక పోవుట వారు చూచిరి. ఆ పదార్థము మన శరీరములో ఎచ్చట దాగియున్నదో తెలియుటకు మరి నలువదేండ్లు పట్టినది. 1953లో స్కాట్లండులోని డండీ నగరమున రైలీ, వెస్ట్ అను నిరువురు, మాస్టు కణము లెక్కువగా నున్న అంగములందే హిస్టమినును ఎక్కువగా నుండునని చూపిరి.

ఎంజైములనగానేమి?

హిస్టమిను పుట్టుటకును, బయటపడుటకును, తుదకు నశించుటకును కూడ ఎంజైములే కారణము. కావున వాటిని గూర్చి ఒక మాట చెప్పవలెను. గట్టి మాంసము ఉడుకకున్నచో మన యిండ్లలో పచ్చి బొప్పాయి ముక్క వేయుదురు. బొప్పాయి పాలలోని పపెయిను అను ఎంజైము మాంసములోని మాంసకృత్తులను కోసివేయును. అన్నమును చాలసేపు నమిలినచో తీపి తగులును. అది ఉమ్మిలోని ఎంజైము పిండిపదార్థమును చక్కెరగా మార్చుటవలన కలుగును. కోసిన వంకాయ నల్లబడుటయు ఎంజైము పనియే. ఒక్కొక్క ఎంజైమునకు ఒక్కొక్క పని. ఆ పనిని అది అతివేగముగా, తాను ఖర్చు కాకుండ, మరల మరల చేయగలదు. ఈ చివరి గుణమును గుర్తుంచుకొనవలెను. ఒక పిసరంత దుమ్మునకు ఒక మనిషి ఊపిరి నిలిచిపోవునంత బలమెక్కడిది అను ప్రశ్నకు సమాధానము ఇందులోనే యున్నది.

మనము తిను పప్పు, పాలు, చేపలలో హిస్టిడిను అను ఆమైనో ఆమ్లము గలదు. మాస్టు కణములోని ఒక ఎంజైము ఈ హిస్టిడినునుండి బొగ్గుపులుసుగాలిని ఊడదీయును. మిగిలినదే హిస్టమిను. దానిని కణము రేణువులలో గట్టిగా దట్టించి యుంచుకొనును. ఒక్కొక్క కణములో నుండు హిస్టమిను ఒక గ్రాములో లక్ష కోట్లవ వంతులు కొన్ని మాత్రమే. అది చాల తక్కువగా తోచును గాని అట్టి కణములు ఊపిరితిత్తులలో కోట్లకొలది కలవు. హిస్టమినుతో పాటు ట్రిప్టేజు అను మరియొక ఎంజైమును ఆ రేణువులలోనే నిలువయుండును. అదియు మాంసకృత్తులను కోయునదే.

తూములు తెరచుకొను విధము

కాపలాదారు తనకు తాను తుపాకి పేల్చడు. అతనికి ఒక గుర్తు కావలెను. 1921లో జర్మనీలో ప్రావ్స్‌నిట్జ్, క్యూస్ట్నర్ అను ఇరువురు వైద్యులు ఒక వింత పరీక్ష చేసిరి. క్యూస్ట్నరునకు చేప పడదు. అతని రక్తపు తేటను ప్రావ్స్‌నిట్జు తన చర్మములోనికి ఎక్కించుకొని, మరునాడు అదే చోట చేపసారమును ఎక్కించుకొనెను. అతడు చేపను హాయిగా తినగలవాడైనను ఆ చోట దద్దురు లేచినది. పడనితనమునకు కారణమైన పదార్థము రక్తపు తేటలో నున్నదని దీనిచేత తేలినది. ఆ పదార్థమును 1966లో అమెరికాలోని డెన్వరు నగరమున ఇషిజాక దంపతులు వేరుచేసి చూపిరి. స్వీడనులో జోహాన్సన్, బెన్నిక్ అను వారును వేరు దారిలో దానినే కనుగొనిరి. నేడు దానిని ఐ.జి.ఇ. అను ప్రతిరక్షకముగా వ్యవహరింతురు.

ఉబ్బసపు స్వభావము గలవారి శరీరము పుప్పొడికో, దుమ్ముపురుగునకో విరుద్ధముగా ఐ.జి.ఇ.ను తయారుచేసికొనును. అది పోయి మాస్టు కణముల పైపొరకు అతుకుకొని నిలుచును. ఇంతవరకు రోగికి ఏ బాధయు తెలియదు. తరువాత ఒకనాడు ఆ పుప్పొడియే మరల లోనికి వచ్చినపుడు, దానిలోని ఒక అణువు ప్రక్కప్రక్కన నున్న రెండు ఐ.జి.ఇ.లను పట్టుకొనును. ఒక కాడి రెండు ఎడ్లను కలిపినట్లు అవి రెండును జతపడును. జతపడినంతనే కణము లోపల పని ఆరంభమగును.

ఆ పనిని కాలువ నీటితో పోల్చవచ్చును. పెద్దకాలువ తూము ఎత్తినచో నీరు పిల్లకాలువలకు చేరి, వాటి తూములగుండ బోదెలకు పారి, తుదకు వేయి మళ్లకు చేరును. ఐ.జి.ఇ.లు జతపడినపుడు మొదట లిన్, తరువాత సిక్ అను రెండు ఎంజైములు మేల్కొనును. అవి ఫాస్ఫోలైపేజు-సి అను మరియొక ఎంజైమును మేల్కొలుపును. ఇది కణపు పొరలోని క్రొవ్వు పదార్థము నొకదానిని రెండు తునకలుగా కోయును. అందులో ఒక తునక కణములో దాచిన కాల్షియమును విడిపించును. దాని వెనుకనే బయటి కాల్షియమును లోనికి జొరబడును. రెండవ తునక ఇంకొక ఎంజైమును ప్రేరేపించును. అంతట రేణువులు కణపు అంచునకు జరిగి, పొరతో కలిసిపోయి, తమలోని హిస్టమినును బయటకు క్రుమ్మరించును. ప్రతి మెట్టునను ఒక ఎంజైము అనేక అణువులపై పనిచేయును గనుక, మొదట ఇసుమంత యున్నది చివరకు వరదయగును. ఇదంతయు కొద్ది నిమిషములలో ముగియును.

ఇచ్చట ఒక విశేషము గలదు. కణము పగిలిపోయి హిస్టమిను కారిపోవుచున్నదని పూర్వము అనుకొనెడివారు. 1961లో ఆస్టెన్, బ్రాక్లెహర్స్ట్ అను శాస్త్రజ్ఞులు గినీపంది ఊపిరితిత్తులను ముక్కలుగా తరిగి, ఎంజైముల పని నాపు పదార్థములను వాటికి తగిలించి చూచిరి. అపుడు పడని వస్తువు తగిలినను హిస్టమిను విడుదల తగ్గిపోయినది. అనగా ఇది కుండ పగులుట వంటిది కాదు. తలుపు తీయుట వంటిది. తలుపు తీయు చేతిని పట్టుకొనినచో ఆపవచ్చును. పని ముగిసిన పిమ్మట మాస్టు కణము చావదు. అది మరల హిస్టిడినును తెచ్చుకొని, రేణువులను నింపుకొని, తరువాతి పర్యాయమునకు సిద్ధమగును. ఆయాసము లేని దినములలో రోగము పోయినదని తలచుట ఎందుకు పొరపాటో ఇప్పుడు తెలియును. ఆ దినములలో కణములు నిండుచున్నవి.

బయటపడిన హిస్టమిను శ్వాసనాళపు కండరములను బిగించును, లోపలి పొరను వాచజేయును, జిగటను ఊరించును. కఫము ఉబ్బసమునకు ఫలితము గాని కారణము కాదు. హిస్టమినును నశింపజేయుటకు మరల వేరు ఎంజైములున్నవి. అవి దానిని కొద్ది నిమిషములలోనే నిర్వీర్యము చేయును. మరి ఆయాసము గంటలకొలది ఎందుకుండును? తూము లెత్తిన సందడిలోనే ఫాస్ఫోలైపేజు-ఎ2 అను ఎంజైము కణపు పొరనుండి ఒక క్రొవ్వు ఆమ్లమును కోయును. దానినుండి మరికొన్ని ఎంజైములు ల్యూకోట్రయీనులను తయారుచేయును. స్వీడను శాస్త్రజ్ఞుడు బెంగ్ట్ సామ్యుయెల్సన్ 1979లో వీటి స్వరూపమును తేల్చెను. శ్వాసనాళములను బిగించుటలో ఇవి హిస్టమిను కంటె దాదాపు వేయిరెట్లు శక్తిగలవి, నిలుకడ గలవి. అంగడిలో దొరకు తుమ్ముల మాత్ర హిస్టమిను నొక్కదానినే అడ్డును గనుక, దద్దురునకు, తుమ్ములకు పనిచేయునేగాని ఉబ్బసమునకు చాలదు. ఆ మాత్ర మ్రింగి తెల్లవారువరకు వేచియుండుట ప్రమాదకరము.

గొలుసును త్రెంచు మందులు

నేటి మందులు ఈ గొలుసును ఒక్కొక్క చోట పట్టుకొనునవి. 1969లో వచ్చిన సాల్‌బ్యుటమాలు కణములోని ఒక ఎంజైమును ప్రేరేపించి, కండరమును సడలించు పదార్థమును పెంచును. ఆ పదార్థమే మాస్టు కణమును కూడ కొంత శాంతింపజేయును. ఆ పదార్థమును నశింపజేయు ఎంజైము వేరొకటి గలదు. దానిని అడ్డునది థియోఫిలిను. ఇది 1888లో తేయాకునుండి వేరుచేయబడినది. అయినచో టీ త్రాగిన చాలునా యని అడుగువారు కలరు. చాలదు, కప్పులో నుండునది అత్యల్పము. మాంటెలుకాస్టు అను మాత్ర ల్యూకోట్రయీనులను అడ్డును. 2003లో అమెరికాలో అనుమతి పొందిన ఒమలిజుమాబు అను సూదిమందు ఐ.జి.ఇ.నే పట్టివేయును గాని అది మిక్కిలి ఖరీదు.

అన్నిటికంటె ముఖ్యమైనవి బ్యుడెసొనైడు వంటి పీల్చు స్టీరాయిడు మందులు. ఇవి అప్పటికప్పుడు ఆయాసమును తగ్గించునవి కావు. ప్రతిదినము పీల్చినచో కొన్ని వారములకు నాళముల వాపు తగ్గును, పొరలోని మాస్టు కణముల సంఖ్యయు తగ్గును. తూములు ఎత్తబడక ముందే కాలువకు అడ్డుకట్ట వేయు మందు ఇది. సాల్‌బ్యుటమాలు మాత్రమే పీల్చి, దీనిని మానుట క్షేమము కాదని ఉబ్బసముపై అంతర్జాతీయ మార్గదర్శకములు 2019 నుండి స్పష్టముగా చెప్పుచున్నవి.

ఇన్‌హేలరు అలవాటుపడునను భయమునకు ఒక లెక్కయే సమాధానము. ఒకమారు పీల్చినచో వచ్చు సాల్‌బ్యుటమాలు 100 మైక్రోగ్రాములు. అదే మందు మాత్రగా మ్రింగినచో ఒక మాత్రలో 2 మిల్లీగ్రాములు, అనగా ఇరువది రెట్లు. మాత్ర రక్తమంతట తిరిగి గుండెదడ, చేతివణుకు తెచ్చును. పీల్చినది నేరుగా కావలసిన చోటికే పోవును. తక్కువ మందు పుచ్చుకొనువాడు బానిస యని, ఎక్కువ మందు పుచ్చుకొనువాడు కాడని అనుకొనుట విచిత్రము. పిల్లలకు గొట్టపు డబ్బా, అనగా స్పేసరు, తగిలించి పట్టవలెను. లేనిచో మందు గొంతులోనే నిలిచిపోవును. మృగశిర కార్తెకు హైదరాబాదు పోయి చేపమందు మ్రింగువారు మన జిల్లాలనుండియు కలరు. దాని గుణము శాస్త్రరీత్యా నిరూపింపబడలేదు. పోవువారితో తగవులాడనక్కరలేదు గాని, మ్రింగితిమి గదా యని రోజువారీ ఇన్‌హేలరును మానవలదని మాత్రము గట్టిగా చెప్పవలెను.

బయటినుండి వచ్చు ఎంజైములు

మన కణములలోని ఎంజైములు చాలనట్లు, బయటినుండి వచ్చు ఎంజైములును ఈ తగవులో తల దూర్చును. పాత పరుపులలో, బొంతలలో, దిండ్లలో కంటికి కానరాని దుమ్ముపురుగులు నివసించును. వాటి మలములో నున్న ఒక ఎంజైము బొప్పాయిలోని పపెయినునకు దాయాది. అది శ్వాసనాళపు లోపలిపొరలో కణముల నడుమనున్న అతుకులను కోసి, తనకు, తన వెంటవచ్చు దుమ్మునకు దారి చేసికొనును. పపెయిను పొడిని తయారుచేయు కార్మికులకు ఉబ్బసము వచ్చుటయు ఇందువలననే. ఇంగ్లండులో బట్టల సబ్బుపొడిలో మరకలు పోవుటకై సూక్ష్మజీవులనుండి తీసిన ఎంజైమును కలుపసాగిన పిమ్మట, ఆ కర్మాగారముల పనివారికి ఆయాసము వచ్చుచున్నదని 1969లో వైద్యపత్రికలో వెల్లడియైనది. తరువాత ఆ ఎంజైమును పొడిగా గాక, మైనపు పూత గల గింజలుగా చేసి కలుపుట నేర్చిరి; కేసులు తగ్గినవి. మందు కంటె ముందు దుమ్మును ఆపుట ఎంత ఫలప్రదమో ఈ ఉదంతము చూపును.

ప్రత్తి దుమ్ము మార్గము వేరు. దానికి ఐ.జి.ఇ. కూడ అక్కరలేదు, దుమ్మే ఊపిరితిత్తులలో హిస్టమినును విడుదల చేయగలదు. సెలవు గడచి మరల పనిలో చేరిన మొదటి దినముననే రొమ్ము బిగియుట దీని లక్షణము. గుంటూరు, ఆదోని ప్రాంతములవలె జిన్నింగు మిల్లులు గల ఊళ్లలో పంచాయతీవారు ఈ గుర్తును తెలిసికొనియుండుట మంచిది.

గ్రామమున చేయదగినది చాల గలదు. వయ్యారిభామ మొక్క 1950ల మధ్యకాలమున పూనా ప్రాంతమున గుర్తింపబడి, నేడు మన బాటల ప్రక్కల, బడి ఆవరణలలో సైతము పెరుగుచున్నది. దాని పుప్పొడి చర్మమునకును, ఊపిరికిని శత్రువు. పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసికొని, వేరుతో పెరికించవలెను. పూసిన పిమ్మట పెరికినచో పుప్పొడిని మనమే చల్లినట్లగును. దీనిని తిను మెక్సికో పెంకుపురుగును 1983లో మన దేశమునకు తెచ్చిరి. వానకాలమున అది కొంత సాయపడును. నూర్పిడి యంత్రములను ఇండ్లకును, బడికిని గాలివాలు చూచి దూరముగా నిలుపుట, గడ్డి తగులబెట్టకుండ చూచుట, కట్టెలపొయ్యి పొగ ఇంట నిలువకుండ గ్యాసు లేని కుటుంబములకు దరఖాస్తులు వేయించుట పంచాయతీ చేతిలోని పనులే. ఇంటివారికి చెప్పవలసినది, దుప్పట్లను వారమున కొకమారు వేడినీట ఉతికి, బొంతలను ఎండలో వేసి దులుపుట. దులుపునది మాత్రము ఉబ్బసపు రోగి కారాదు.

రాత్రి దగ్గు, పిల్లికూతలు గల ప్రతివాడును ఉబ్బసపు రోగియే కానక్కరలేదు. బోదకాలు గల ప్రాంతములలో ఆ క్రిములకు విరుద్ధముగా రక్తములో ఐ.జి.ఇ. విపరీతముగా పెరిగి, ఉబ్బసమును బోలిన ఇసినోఫీలియా అను జబ్బు వచ్చును. రక్తపరీక్షలో ఇది తేలును. దీనికి మందు డైఇథైల్ కార్బమజిను. భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో రూపొంది, 1947లో వెలువడిన మందు ఇది. సాధారణముగా మూడు వారములు వాడుదురు. కావున ఏండ్ల తరబడి ఆయాసమున్నను ఒక్కమారైన పరీక్ష చేయించుకొనని వారిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపవలెను.

ఆరోగ్యకేంద్రములో సాల్‌బ్యుటమాలు, బ్యుడెసొనైడు ఇన్‌హేలర్లు ఉన్నవో లేవో వైద్యాధికారిని అడిగి తెలిసికొను అధికారము సభ్యులకు గలదు. రెండును జాతీయ అత్యవసర ఔషధముల పట్టికలో నున్నవే. తమ వార్డులో ఉబ్బసము గలవారి పేర్లను ఆశా కార్యకర్త వద్ద వ్రాయించి, నూర్పిళ్లకు నెల ముందే వారి మందులు సరిచూడవలెను. ఆయాసము వచ్చినవాడు ఒక్క ఊపిరిలో ఒక వాక్యము పూర్తిచేయలేకున్నను, పెదవులు నీలి తిరిగినను, ఇన్‌హేలరు పట్టినను నెమ్మదింపకున్నను వెంటనే 108కి ఫోను చేయవలెను. పిల్లికూతలు హఠాత్తుగా ఆగిపోయి, రోగి మాత్రము అలసి సోలిపోవుచున్నచో అది నెమ్మదించుట కాదు. గాలి ఆడుటయే ఆగిపోవుచున్నది. అట్టివానిని పండుకొనబెట్టక, కూర్చుండబెట్టి, బండి వచ్చువరకు సాల్‌బ్యుటమాలును స్పేసరుతో పీల్పించుచుండవలెను.